భాగం 7: వర్చువల్ మెషీన్లు, హార్డ్‌వేర్ అనుకరణ

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు వర్చువల్ మెషీన్‌కూ, ఎమ్యులేటర్‌కూ, సమయాన్ని కూడా లెక్కించే సిమ్యులేటర్‌కూ ఉన్న తేడాను వివరించగలుగుతారు. చేతిలో ఉన్న పనికి వీటిలో ఏది సరిపోతుందో నిర్ణయించగలుగుతారు. అన్నిటికంటే ముఖ్యంగా, "నా ప్రోగ్రాం వర్చువల్ మెషీన్‌లో పనిచేసింది" అనే మాటను ఎంతవరకు నమ్మవచ్చో అంచనా వేయగలుగుతారు. రిజిస్టర్లు, మెమరీ, ఇంటరప్ట్‌లు అంటే ఏమిటో మీకు ఇప్పటికే తెలుసని భావించి ఈ భాగాన్ని రాశాం.

7.1 లేని యంత్రం కోసం రాసిన ప్రోగ్రాం

1975 జనవరిలో అమెరికాలోని పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటర్‌ను ముఖచిత్రంగా వేసింది. న్యూమెక్సికో రాష్ట్రం ఆల్బకర్కీ నగరంలోని మిట్స్ అనే సంస్థ దానిని తయారుచేసింది. అందులో ఉన్నది ఇంటెల్ 8080 ప్రాసెసర్. ఈ యంత్రానికి బేసిక్ భాషను తాము అందించగలమని పాల్ ఆలెన్, బిల్ గేట్స్ అనే ఇద్దరు యువకులు మిట్స్‌కు చెప్పారు. నిజానికి అప్పటికి వారు ఒక్క పంక్తి కూడా రాయలేదు. వారి దగ్గర ఆల్టెయిర్ లేదు. 8080 చిప్ కూడా లేదు. ఉన్నవి రెండే: 8080 మాన్యువల్, గేట్స్ చదువుతున్న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్.

అందుకని ఆలెన్ ముందుగా పీడీపీ-10 మీద, 8080 ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తించే ఒక ప్రోగ్రాం రాశారు. బేసిక్ అంతా ఆ నకలు 8080 మీదే తయారైంది, అక్కడే పరీక్షకు నిలిచింది. దశాంశ సంఖ్యల లెక్కలకు కావలసిన భాగాన్ని మాంటీ డేవిడాఫ్ అనే మరో విద్యార్థి రాశారు. మార్చిలో ఆలెన్ బేసిక్ ఉన్న పేపర్ టేపును పట్టుకొని ఆల్బకర్కీకి విమానమెక్కారు. దారిలో ఒక విషయం గుర్తుకొచ్చింది. టేపు మీద ఉన్న బేసిక్‌ను ఆల్టెయిర్ మెమరీలోకి చదివి పెట్టే చిన్న లోడర్ ప్రోగ్రాంను ఎవరూ రాయలేదు. ఆయన విమానంలోనే కాగితం మీద దానిని రాశారు. మిట్స్ కార్యాలయంలో టేపు ఎక్కించిన తర్వాత యంత్రం మెమరీ ఎంత ఉందని అడిగింది. రెండూ రెండూ కలపమని అడిగితే 4 అని అచ్చువేసింది. అంతకుముందు ఎన్నడూ తాకని యంత్రం మీద ఆ ప్రోగ్రాం తొలిసారి నడిచింది.

ఈ కథను సాధారణంగా ప్రతిభకు, ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. మనకు అందులో పనికొచ్చేది వేరే ఉంది. వేలకొద్దీ ఆదేశాలున్న బేసిక్ తొలి ప్రయత్నంలోనే నడిచింది గాని, గుప్పెడు ఆదేశాల లోడర్ మాత్రం చివరి నిమిషం దాకా ఎవరికీ గుర్తుకు రాలేదు. ఎందుకు? జవాబును మీరే ఊహించి పుస్తకం అంచున రాసిపెట్టుకోండి. 7.6లో మళ్ళీ దాని దగ్గరకు వస్తాం.

7.2 నకలు ప్రాసెసర్ ఎలా పనిచేస్తుంది?

ప్రాసెసర్‌ను అనుకరించడం వినడానికి గొప్ప విద్యలా ఉంటుంది. దాని మూలసూత్రం మాత్రం మీరు మొదటి సంవత్సరంలో నేర్చుకున్న లూప్, స్విచ్ అంతే. మెమరీ స్థానంలో ఒక శ్రేణి, అంటే ఆరే, పెట్టుకోండి. ఒక్కో రిజిస్టర్‌కు ఒక్కో చలరాశి పెట్టుకోండి. తర్వాతి ఆదేశం ఎక్కడుందో చెప్పే ప్రోగ్రాం కౌంటర్ మరో చలరాశి. ఇక లూప్‌లో చేయవలసిన పని ఇది: కౌంటర్ చూపిన చోట ఉన్న సంఖ్యను తీసుకోవాలి, అది ఏ ఆదేశమో గుర్తించాలి, ఆ ఆదేశం చెప్పినట్లు చలరాశులను మార్చాలి, మళ్ళీ మొదటికి రావాలి.

8080 ఆదేశాలతోనే ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. మెమరీలో వరుసగా 62, 5, 6, 7, 128, 118 అనే సంఖ్యలు ఉన్నాయనుకోండి. 8080 భాషలో 62 అంటే పక్కనున్న సంఖ్యను ఎ రిజిస్టర్‌లో పెట్టమని. కనుక ఎ విలువ 5 అవుతుంది. 6 అంటే పక్కనున్న సంఖ్యను బి రిజిస్టర్‌లో పెట్టమని. బి విలువ 7. 128 అంటే బిని ఎకు కలపమని. 118 అంటే ఆగిపొమ్మని. చివరికి ఎలో 12 ఉంటుంది. కాగితం మీద ఈ ఆరు సంఖ్యలనూ ఒకసారి నడిపి చూడండి. అప్పుడు సిమ్యులేటర్ చేసే పనిని మీరు చేతితో చేసినట్లే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. 128 అనే కూడిక ఆదేశం ఎ విలువను మార్చడంతో ఆగదు. ఫలితం సున్నానా, రుణ సంఖ్యనా, క్యారీ వచ్చిందా, అందులోని 1 బిట్ల సంఖ్య సరిసంఖ్యా వంటి విషయాలను కూడా జెండాలుగా నమోదుచేస్తుంది. 12ను ద్విసంఖ్యామానంలో రాస్తే 1100. రెండు 1లు ఉన్నాయి కాబట్టి సరిసంఖ్య జెండా లేస్తుంది. మీ నకలులో ఆ జెండాను మరచిపోయారనుకోండి. కూడిక సరిగానే వస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో, ఆ జెండాను చూసి దారి మార్చుకునే ఆదేశం దగ్గర ప్రోగ్రాం తప్పుదారి పడుతుంది. తప్పు చేసింది ప్రోగ్రామా, నకలా అని తేల్చుకోవడానికి ఒక రాత్రి చాలకపోవచ్చు. ఆలెన్ మాన్యువల్‌ను తప్పుగా అర్థం చేసుకొని ఉంటే, బేసిక్ కూడా అదే తప్పును నమ్మి తయారయ్యేది, పరీక్షలన్నీ నెగ్గేది కూడా.

ఇలా ఒక్కో ఆదేశాన్నీ విడదీసి నడపడం చాలా నెమ్మది. ఒక్క ఆదేశాన్ని అనుకరించడానికి అసలు ప్రాసెసర్ పదులకొద్దీ ఆదేశాలు నడపాలి. ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో విడుదల చేసిన క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ దీనికి మంచి ఉపాయం వాడుతుంది. అది ఆదేశాలను ఒక్కొక్కటిగా కాక, ఒక శాఖాంతరం వచ్చేవరకు ఉన్న గుంపును మొత్తంగా మీ కంప్యూటర్ భాషలోకి అనువదించి దాచుకుంటుంది. అదే గుంపు మళ్ళీ వస్తే దాచిన అనువాదాన్నే నడుపుతుంది. ప్రోగ్రాంలు ఎక్కువ కాలం లూపుల్లోనే గడుపుతాయి కాబట్టి ఈ పొదుపు పెద్దదే. దీనిని చలన అనువాదం అంటారు.

7.3 వర్చువల్ మెషీన్: అనువాదమే అక్కర్లేనప్పుడు

అతిథి యంత్రం, దానికి చోటిచ్చే ఆతిథేయ యంత్రం రెండూ ఒకే ఆదేశాల భాష మాట్లాడేవైతే అనువాదం ఎందుకు? ఆదేశాలను నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడపవచ్చు. వాడుకలో వర్చువల్ మెషీన్ అన్నప్పుడు ఎక్కువగా ఉద్దేశించేది దీనినే. అయితే అతిథి ఆపరేటింగ్ సిస్టం తానే యజమానినని అనుకుంటుంది. ఇంటరప్ట్‌లు ఆపమంటుంది, మెమరీ పట్టికలు మారుస్తుంది, డిస్కును పిలుస్తుంది. వాటిని నిజంగా చేయనిస్తే పక్కనున్నవారందరూ మునుగుతారు.

ఒకే ఇంట్లో మూడు వాటాలు అద్దెకిచ్చిన యజమానిని తలచుకోండి. ఎవరి వాటాలో వారు వండుకుంటారు, తింటారు, తలుపు వేసుకుంటారు. యజమాని జోక్యం అక్కర్లేదు. కాని ఇంటి మొత్తానికి ఉన్న మెయిన్ స్విచ్ మీద ఎవరు చేయి వేసినా యజమాని గదిలో గంట మోగాలి. ఆయన వచ్చి, ఆ వాటాకు మాత్రమే కరెంటు తీసి, "సరే, ఆపేశాను" అంటాడు. కంప్యూటర్‌లో ఆ యజమాని పేరు హైపర్‌వైజర్. ఆ గంట పేరు ట్రాప్. సాధారణ ఆదేశాలన్నీ నేరుగా నడుస్తాయి. ప్రమాదకరమైనవి ట్రాప్ అయి హైపర్‌వైజర్ చేతికి వస్తాయి. జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974లో ఈ షరతును గణితరూపంలో రాశారు: యంత్రస్థితిని తాకే ప్రతి ఆదేశమూ ట్రాప్ కావాలి.

అంతకుముందే ఐబీఎం ఈ పద్ధతిని ఆచరణలో పెట్టింది. కేంబ్రిడ్జి సైంటిఫిక్ సెంటర్‌లో 1960ల మధ్యలో మొదలైన సీపీ-40, ఆ తర్వాత సీపీ-67 వ్యవస్థలు ఒక్కో వాడుకదారుకు ఒక పూర్తి కంప్యూటర్ తన సొంతమన్నట్లు అందించాయి. 1972లో వచ్చిన వీఎం/370 వీటి వారసురాలు. ఒక్క యంత్రం ఖరీదే తలకు మించిన భారమైన ఆ రోజుల్లో, ఆపరేటింగ్ సిస్టం రాసేవారికి యంత్రం మొత్తాన్ని ఆపి అప్పగించడం కుదిరేది కాదు. వర్చువల్ మెషీన్ ఆ ఇబ్బందిని తీర్చింది. తలా ఒక నకలు యంత్రం. ఎవరిది కూలితే వారిదే కూలుతుంది.

మన ఇళ్ళలో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లు మాత్రం చాలాకాలం ఈ షరతును పాటించలేదు. ఉదాహరణకు పాప్‌ఎఫ్ అనే ఆదేశం జెండాలను స్టాక్ నుంచి తిరిగి నింపుతుంది. ఇంటరప్ట్‌లను అనుమతించే జెండా కూడా అందులో ఒకటి. అధికారం లేని ప్రోగ్రాం దానిని మార్చబోతే ప్రాసెసర్ ఆ మార్పును పట్టించుకోకుండా వదిలేస్తుంది. ట్రాప్ మాత్రం ఇవ్వదు. అంటే స్విచ్ పనిచేయదు, గంటా మోగదు. అద్దెదారు కరెంటు ఆపేశాననే నమ్మకంతో తీగ పట్టుకుంటాడు. 1999లో వచ్చిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ఇటువంటి ఆదేశాలను నడుస్తుండగానే వెతికి, తిరగరాసి ఈ చిక్కును దాటింది. తర్వాత ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ప్రాసెసర్‌లోనే ఇందుకు ఏర్పాటు చేశాయి. మీ కంప్యూటర్ బయోస్ అమరికల్లో వర్చువలైజేషన్ అనే పేరుతో కనిపించే స్విచ్ అదే.

కంటెయినర్లను కూడా చాలామంది ఈ కోవలోనే చేరుస్తారు. అవి వేరు. కంటెయినర్లన్నీ ఒకే కెర్నల్‌ను పంచుకుంటాయి. అక్కడ యంత్రానికి నకలు ఉండదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ మీద ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ వాడుతున్నారు. సాధారణంగా అందులో ఎక్స్86 కోసం తయారైన ఆండ్రాయిడే నడుస్తుంది. మీ జేబులోని ఫోన్‌లో ఉన్నది ఏఆర్ఎమ్ ప్రాసెసర్. మీ యాప్‌లో సీ భాషలో రాసిన ఒక లైబ్రరీ ఉంది. ఎమ్యులేటర్‌లో యాప్ బాగా నడిస్తే, ఆ లైబ్రరీ ఫోన్‌లో కూడా నడుస్తుందని చెప్పగలరా? మీ జవాబును నాలుగు వాక్యాల్లో రాయండి. (సూచన: ఎమ్యులేటర్ అని పేరున్నంత మాత్రాన అది అనుకరణ అయి తీరాలని లేదు.)

7.4 చిప్ రాకముందే సాఫ్ట్‌వేర్

కొత్త ప్రాసెసర్ రూపకల్పనకు ఏళ్ళు పడుతుంది. చిప్ చేతికొచ్చాక కంపైలర్, ఆపరేటింగ్ సిస్టం రాయడం మొదలుపెడితే ఆ చిప్ మరికొన్నేళ్ళు పెట్టెలోనే ఉంటుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్ వారికి ముందు సిమ్యులేటర్ ఇస్తారు. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ మీరు ఇప్పుడు వాడుతున్న 64 బిట్ల ఎక్స్86 భాషే. ఏఎండీ ఈ ఆదేశాల వివరాలను 2000లో ప్రకటించింది. ఆ భాష మాట్లాడే తొలి ఆప్టెరాన్ ప్రాసెసర్ 2003 ఏప్రిల్‌లో మార్కెట్లోకి వచ్చింది. మధ్యలో జర్మనీకి చెందిన సూసె సంస్థ ఇంజనీర్లు, చిప్ ఇంకా లేకుండానే సిమ్యులేటర్ల మీద లినక్స్‌ను ఆ భాషకు మార్చే పని చేశారు. చిప్ వచ్చేసరికి దాని మీద నడవడానికి ఆపరేటింగ్ సిస్టం సిద్ధంగా ఉంది.

మన దేశంలో ఐఐటీ మద్రాస్ శక్తి పేరుతోనూ, సీ-డాక్ వేగా పేరుతోనూ రిస్క్-ఫైవ్ భాష మాట్లాడే ప్రాసెసర్లను రూపొందించాయి. రిస్క్-ఫైవ్ బోర్డు మీ అధ్యయన కేంద్రంలో ఉండకపోవచ్చు. అయినా క్యూఈఎంయూ ఆ భాషను అనుకరిస్తుంది, దానిని ఉచితంగా దింపుకోవచ్చు. ఇంట్లో ఒక్క పాత కంప్యూటర్ మాత్రమే ఉన్న దూరవిద్య విద్యార్థికి ఇంతకంటే చవకైన ప్రయోగశాల దొరకదని నా అభిప్రాయం.

ఇక్కడ మరో రకం సిమ్యులేటర్ గురించి చెప్పుకోవాలి. క్యూఈఎంయూ ఫలితం ఏమిటో చెబుతుంది. అసలు చిప్ మీద ఆ ఫలితానికి ఎంత సమయం పడుతుందో చెప్పదు. క్యాష్ ఎంత పెద్దదిగా ఉంటే మేలు, పైప్‌లైన్ ఎక్కడ నిలిచిపోతోంది వంటి ప్రశ్నలకు జెమ్5 వంటి సిమ్యులేటర్లు కావాలి. అవి ప్రతి గడియార స్పందనలో చిప్ లోపల ఏమి జరుగుతుందో లెక్కగడతాయి. దానికి చెల్లించే మూల్యం వేగం. ఒక సిమ్యులేటర్ సెకనుకు 2 లక్షల ఆదేశాలు నడుపుతుందనుకుందాం. 100 కోట్ల ఆదేశాలకు 5,000 సెకన్లు, అంటే దాదాపు 83 నిమిషాలు పడుతుంది. సెకనుకు 100 కోట్ల ఆదేశాలు నడిపే అసలు ప్రాసెసర్‌కు అది ఒక్క సెకను పని. అందుకే ఆపరేటింగ్ సిస్టం మొదలయ్యే దాకా వేగమైన పద్ధతిలో నడిపి, ఆసక్తి ఉన్న భాగం దగ్గర మాత్రమే సూక్ష్మ పద్ధతికి మారతారు.

7.5 అసలు యంత్రం చేయలేనివి

నకలు యంత్రం అసలుకు ప్రత్యామ్నాయం మాత్రమే అనుకోకండి. కొన్ని పనుల్లో అది అసలు కంటే మెరుగు. అసలు కంప్యూటర్‌లో కెర్నల్ కూలితే తెర బిగుసుకుపోతుంది. ఏమి జరిగిందో చెప్పడానికి ఎవరూ మిగలరు. నకలులో అయితే మొత్తం యంత్రాన్ని, గడియారంతో సహా, ఒక్క ఆదేశం మధ్యలో ఆపి ప్రతి రిజిస్టర్‌నూ చూడవచ్చు. పవర్ పెట్టిన తర్వాత నడిచే మొట్టమొదటి ఆదేశం నుంచే డీబగ్గర్‌ను తగిలించవచ్చు. కొన్ని సిమ్యులేటర్లలో కాలాన్ని వెనక్కి నడిపి, తప్పు విలువను ఎవరు రాశారో వెతకవచ్చు.

వైఫల్యాలను కావాలని పుట్టించడం మరో గొప్ప సౌకర్యం. డిస్కు నిండిపోతే మీ ప్రోగ్రాం ఏమి చేస్తుంది? రాస్తుండగా కరెంటు పోతే? మన ఊళ్ళలో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. అసలు యంత్రంలో వందసార్లు ప్లగ్ పీకి పరీక్షించడానికి మీరు ఇష్టపడరు, డిస్కు అంతకన్నా ఇష్టపడదు. వర్చువల్ మెషీన్‌ను వందసార్లు హఠాత్తుగా ఆపి, ప్రతిసారీ ఫైళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో చూడవచ్చు. ఈ పనిని ఒక స్క్రిప్టుకు అప్పగించి మీరు నిద్రపోవచ్చు కూడా.

7.6 నకలు మోసం చేసే చోట్లు

ఇప్పుడు లోడర్ సంగతికి వద్దాం. పీడీపీ-10 మీద పరీక్షించేటప్పుడు బేసిక్‌ను నకలు మెమరీలోకి తేవడానికి పేపర్ టేపు అవసరం లేదు. ఆ మెమరీ కూడా పీడీపీ-10లోని ఒక శ్రేణే. అందుకే లోడర్ లేని లోటు పరీక్షల్లో ఎప్పుడూ ఎదురు కాలేదు. నకలులో లేని దాని గురించి నకలు ఏమీ చెప్పదు. లేదని కూడా చెప్పదు. ఈ భాగంలో ఒక్క విషయమే గుర్తుంచుకునే తీరిక ఉంటే దీనినే గుర్తుంచుకోండి. నేటి పరికరాల్లో ఇది ఏయే రూపాల్లో ఎదురవుతుందో చూద్దాం.

మొదటిది సమయం. ఈ పాఠం రాస్తున్న నాకే ఈ దెబ్బ తగిలింది. ఒక చిన్న బోర్డు మీద ఎల్ఈడీ దీపం వెలిగి ఆరడానికి, ఖాళీ లూప్‌ను లెక్కపెట్టి ఆలస్యం తెప్పించాను. ఎమ్యులేటర్‌లో దీపం చక్కగా మినుకుమినుకుమంది. బోర్డు మీద ఎప్పుడూ వెలిగే ఉన్నట్లు కనిపించింది. ఆరిపోతోంది గాని కంటికి అందనంత వేగంగా. ఎమ్యులేటర్‌లో నేను చూసిన వేగం నా ల్యాప్‌టాప్‌ది, ఆ బోర్డుది కాదు. ఆలస్యం కావాలంటే టైమర్‌ను వాడాలని అందరికీ పాఠం చెప్పేవాడినే.

రెండోది మెమరీ తొలి విలువ. ఎమ్యులేటర్ మొదలైనప్పుడు దాని మెమరీ సాధారణంగా సున్నాలతో నిండి ఉంటుంది. అసలు చిప్‌లో పవర్ పెట్టగానే ఏ చెత్త విలువ ఉంటుందో చెప్పలేం. తొలి విలువ ఇవ్వడం మరచిపోయిన చలరాశి నకలులో ఏళ్ళ తరబడి బుద్ధిగా ఉంటుంది, అసలు యంత్రంలో మొదటి రోజే అల్లరి చేస్తుంది.

మూడోది కాస్త లోతైనది. రెండు కోర్లు ఉన్నాయనుకోండి. మొదటి కోర్ ఒక సమాచారాన్ని మెమరీలో రాసి, తర్వాత 'సిద్ధం' అనే గుర్తును 1 చేస్తుంది. రెండో కోర్ ఆ గుర్తు 1 అయ్యేదాకా చూస్తూ ఉండి, అప్పుడు సమాచారాన్ని చదువుతుంది. ఇందులో తప్పేమీ కనిపించదు. కాని ఏఆర్ఎమ్ ప్రాసెసర్లలో, మధ్యలో బ్యారియర్ అనే ప్రత్యేక ఆదేశం లేకపోతే, ఆ రెండు రాతలు రెండో కోర్‌కు తారుమారుగా కనబడవచ్చు. గుర్తు కొత్తది, సమాచారం పాతది. ఎక్స్86లో ఒక కోర్ చేసిన రాతలు మిగిలిన కోర్లకు రాసిన క్రమంలోనే కనబడతాయి. ఇప్పుడు ఎక్స్86 ల్యాప్‌టాప్ మీద ఏఆర్ఎమ్‌ను అనుకరిస్తున్నారు. అనువాదమైన ఆదేశాలు నడిచేది ఎక్స్86 మీదే కాబట్టి ఆతిథేయి క్రమశిక్షణ అతిథికీ అబ్బుతుంది. బ్యారియర్ మరచిన ప్రోగ్రాం లక్షసార్లు నడిపినా తప్పు చేయదు. అసలు బోర్డు మీద ఏ వారానికో ఒకసారి, ఎవరూ చూడనప్పుడు తప్పుతుంది. ఇలాంటి చోట లక్ష పరీక్షలు కూడా ఒక్క పరీక్షతో సమానమే. ఎందుకంటే అవన్నీ ఒకే గుడ్డిచోటు నుంచి చూస్తున్నాయి.

క్యాష్ సంగతీ ఇంతే. క్యూఈఎంయూ క్యాష్‌ను అనుకరించదు. ఒక పరికరం నేరుగా మెమరీలోకి రాసినప్పుడు, క్యాష్‌లో ఉన్న పాత నకలును తీసివేయడం కొన్ని చిప్‌లలో డ్రైవర్ బాధ్యత. ఆ పని మరచిన డ్రైవర్ నకలులో నెగ్గుతుంది.

7.7 ఆరియాన్ 5: నమూనాలో లేని పెట్టె

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఐరోపా వారి ఆరియాన్ 5 రాకెట్ తొలిసారి బయలుదేరింది. అందులో క్లస్టర్ అనే నాలుగు పరిశోధక ఉపగ్రహాలు ఉన్నాయి. ప్రధాన ఇంజన్‌ను వెలిగించే క్రమం మొదలైన సుమారు 37 సెకన్లకు రాకెట్ తన దిశను తెలుసుకునే శక్తిని పూర్తిగా కోల్పోయింది. నాజిళ్ళు ఒక్కసారిగా చివరి వరకు వంగాయి, రాకెట్ విరిగి పేలిపోయింది.

కారణం దిశను కొలిచే జడత్వ వ్యవస్థలోని సాఫ్ట్‌వేర్. అది ఆరియాన్ 4 కోసం రాసినది. అడ్డువేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల దశాంశరూపం నుంచి 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేది. 16 బిట్లలో రుణ, ధన సంఖ్యలు రెండూ పట్టాలంటే గరిష్ఠ విలువ 32,767. ఆరియాన్ 4 ప్రయాణమార్గంలో ఆ విలువ ఎన్నడూ దాటలేదు. ఆరియాన్ 5 మొదటి క్షణాల్లోనే అడ్డంగా చాలా ఎక్కువ వేగం అందుకుంటుంది. విలువ పొంగింది, వ్యవస్థ ఆగిపోయింది. తోడుగా పెట్టిన రెండో పెట్టెలోనూ అదే సాఫ్ట్‌వేర్ ఉంది. అది 72 మిల్లీసెకన్ల ముందే అదే కారణంతో ఆగిపోయింది. ఆగిపోతూ పంపిన దోష సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ నిజమైన కొలతలనుకొని నాజిళ్ళను తిప్పింది. విచిత్రమేమిటంటే, ఆ లెక్క చేసే భాగం ఆరియాన్ 5కు నేల వదిలిన తర్వాత అవసరమే లేదు.

మరి ప్రయోగానికి ముందు అనుకరణ చేయలేదా? చేశారు. మొత్తం రాకెట్ నియంత్రణను భూమి మీద అనుకరించి పరీక్షించారు. ఆ పరీక్షల్లో ప్రధాన కంప్యూటర్ ఉంది. జడత్వ వ్యవస్థ స్థానంలో మాత్రం, దాని వలె కొలతలు అందించే ఒక సిమ్యులేషన్ ప్రోగ్రాంను పెట్టారు. ఆ పెట్టెను విడిగా పరీక్షించి ఆమోదించారు గనుక మళ్ళీ తెచ్చి కలపనక్కర్లేదనుకున్నారు. విడి పరీక్షల్లో ఆరియాన్ 5 ప్రయాణమార్గాన్ని వాడలేదు. తప్పు ఉన్న పెట్టె ఒక పరీక్షలో లేదు; ఆ తప్పును బయటపెట్టే మార్గం మరో పరీక్షలో లేదు. రెండూ నెగ్గాయి.

ప్రమాదం తర్వాత అదే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో నడిపి, ఆ రోజు నమోదైన ప్రయాణ వివరాలను దానికి అందించారు. జరిగిన వైఫల్యం వరుస తప్పకుండా మళ్ళీ జరిగింది. అంటే అనుకరణ అనే పద్ధతిలో లోపం లేదు. దానిలో ఏమి పెట్టాలనే నిర్ణయంలోనే ఉంది.

ఇటువంటి చోట వాడే పద్ధతిని హార్డ్‌వేర్-ఇన్-ది-లూప్ పరీక్ష అంటారు. నియంత్రణ పెట్టె అసలుదే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న లోకం, అంటే గాలి, వేగం, ఇంజన్, రోడ్డు, మాత్రం అనుకరణ. కారు బ్రేకు నియంత్రణ పెట్టెలను రోడ్డెక్కకముందే ఇలా పరీక్షిస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

ఒక విద్యార్థి సూక్ష్మ నియంత్రికతో నడిచే నీటి మోటారు స్విచ్ తయారుచేశాడు. ప్రోగ్రాంను ఎమ్యులేటర్‌లో పూర్తిగా పరీక్షించాడు. మోటారు ఆన్ కాగానే వోల్టేజి పడిపోయి చిప్ తిరిగి మొదలవుతుంది. ఇది ఎమ్యులేటర్‌లో ఎందుకు కనబడలేదు? తిరిగి మొదలైన చిప్ మళ్ళీ మోటారును ఆన్ చేస్తే ఏమవుతుంది? దీనిని పరీక్షించడానికి ఎమ్యులేటర్‌నే ఎలా వాడుకోవచ్చు? (సూచన: వోల్టేజిని అనుకరించలేకపోయినా, చిప్‌ను ఎక్కడైనా రీసెట్ చేయవచ్చు.)

7.8 మీ కంప్యూటర్‌లో చేయవలసిన అభ్యాసం

దీనికి వర్చువల్‌బాక్స్ గాని, క్యూఈఎంయూ గాని చాలు, రెండూ ఉచితం. ముందుగా బయోస్‌లో వర్చువలైజేషన్ స్విచ్ తెరిచి ఉందో లేదో చూసుకోండి. తర్వాత మెమరీ లెక్క వేయండి. మీ కంప్యూటర్‌లో 8 జీబీ ఉంటే అతిథికి 2 జీబీ ఇవ్వండి. 4 జీబీ మాత్రమే ఉంటే గ్రాఫిక్ తెర లేని చిన్న లినక్స్‌ను ఎంచుకొని 512 ఎంబీతో సరిపెట్టుకోండి. అతిథికి ఉన్నదంతా ఇచ్చేస్తే ఆతిథేయి ఊపిరాడక రెండూ నత్తనడక నడుస్తాయి. డిస్కు 20 జీబీ అని రాసినా భయపడనక్కర్లేదు. ఆ ఫైలు వాడుకున్నకొద్దీ పెరిగేలా అమర్చుకోవచ్చు.

లినక్స్ ఎక్కించిన వెంటనే ఒక స్నాప్‌షాట్ తీయండి. ఆ తర్వాత ఒక ఫైలులోకి సెకనుకొకసారి వరుస సంఖ్యలు రాసే చిన్న ప్రోగ్రాం రాసి, నడుస్తుండగా వర్చువల్ మెషీన్‌ను హఠాత్తుగా ఆపండి. మామూలుగా షట్‌డౌన్ చేయకూడదు, పవర్ ఆఫ్ చేయాలి. తిరిగి మొదలుపెట్టి చివరగా ఏ సంఖ్య మిగిలిందో చూడండి. ప్రోగ్రాం రాశానని చెప్పిన చివరి సంఖ్యకూ, ఫైలులో మిగిలిన చివరి సంఖ్యకూ తేడా ఎంత? పదిసార్లు చేసి పట్టికగా రాయండి. ఇప్పుడు ప్రతి సంఖ్య తర్వాత ఎఫ్‌సింక్ పిలుపును చేర్చి మరో పదిసార్లు చేయండి.

రెండు పట్టికలూ పూర్తయ్యాక వాటి కింద ఒక పేరా రాయండి. ఈ పరీక్షలో మీరు ఆపింది అతిథిని మాత్రమే. ఆతిథేయ యంత్రం, దాని డిస్కు క్యాష్, అసలు డిస్కు అన్నీ కరెంటుతో హాయిగా నడుస్తూనే ఉన్నాయి. నిజంగా ఇంట్లో కరెంటు పోయినప్పుడు మీ రెండో పట్టికలోని ఏ అంకె మారే అవకాశం ఉందో, ఎందుకో ఆ పేరాలో వివరించండి.